ఎడమకాలి పనిని యంత్రము గ్రహించిన కథ

మోటారుబండి నడపువాని ఎడమకాలి కష్టము వానికే తెలియును. గేరు మార్చినప్పుడెల్ల ఆ కాలు క్లచ్చిని త్రొక్కవలయును, చేయి గేరురాడ్డును త్రోయవలయును, మరల కాలిని మెల్లగా విడువవలయును. ఎత్తుమీద ఆగిన బరువుబండిని కదల్చుట యెంత పనియో ఘాటురోడ్డున లారీ నడపినవారి నడుగుడు. ఈ శ్రమ యంత్రమున కెట్లు సంక్రమించినదో నేడు ముచ్చటింతము.

ఈ విద్య నేలమీద పుట్టినది కాదు, ఓడలలో పుట్టినది. ఆవిరి టర్బైను అతివేగముగా తిరుగును. ఓడను నెట్టు ఱెక్కలచక్రము నిదానముగా తిరుగవలయును. జర్మనుదేశమున స్టెట్టిన్ నౌకాశాలలో పనిచేయుచుండిన హెర్మన్ ఫోటింగర్ 1905లో వీని నడుమ ద్రవమును నిలుపు ఉపాయమునకు పేటెంటు పొందెను. ద్రవబంధము ఆ విద్యలోని సరళరూపమే. రెండు పంకాలను ఎదురెదురుగ నుంచి ఒకదానిని త్రిప్పినచో ఆ గాలికి రెండవదియు తిరుగును గదా! గాలికి మాఱుగా నూనె పోసి, రెంటిని నొక మూసిన డొల్లలో నుంచినట్లు భావింపుడు. ఇంజను మెల్లగా తిరుగునపుడు పట్టు సడలును, వేగము హెచ్చగా బిగియును.

అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్ దీనిని గేర్లతో జతపఱచు పనికి పూనెను. గేర్లు కఱకఱలాడకుండ కలియు సింక్రోమెష్ పద్ధతిని 1928లో కాడిలాక్ బండ్లకు సమకూర్చినవాడు నాతడే. ఆతని బృందము నిర్మించిన హైడ్రామాటిక్ గేరుపెట్టె 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబీల్ బండ్లలో 57 డాలర్ల అదనపు వెలకు లభించెను. అంతలో అమెరికా యుద్ధమున దిగెను. ఎం-5 అను తేలికటాంకునకు రెండు కాడిలాక్ ఇంజనులను, రెండు హైడ్రామాటిక్ పెట్టెలను అమర్చిరి.

యుద్ధము ముగిసినది. ఎడమకాలు పోయిన సైనికుడు క్లచ్చి నెట్లు త్రొక్కును? కాలు కోల్పోయిన సైనికులు బండి కొనుటకు 1,600 డాలర్ల వఱకు సహాయ మొసగ 1946లో అమెరికా కాంగ్రెసు శాసనము చేసెను. ఓల్డ్స్‌మొబీల్ వారు హైడ్రామాటిక్ బండ్లకు చేతిసాధనములను గూడ కూర్చి అట్టివారి కందించిరి. ఈ యంత్రచరిత్రలో నాకు ముఖ్యముగా తోచునది ఈ ఘట్టమే. ధనికుల విలాసము గాదు.

వెనుక సామానుతొట్టి గల పికప్పుబండ్ల వంతు ఆలస్యముగా వచ్చెను. ఫోర్డు ఎఫ్-100 బండికి 1953లో, షెవ్రొలె పికప్పులకు 1954లో ఈ సౌకర్యము దొరకెను. పాతబండి గలవారు మార్పించుకొనవలసినదే. అది పెట్టె విప్పి పెట్టె బిగించుట మాత్రము గాదు. బరువైన ఫ్లైవీలును తీసి పలుచని ఉక్కుపళ్లెమును బిగింతురు. క్రొత్తపెట్టె పొడవు వేఱగుటచే దానిని మోయు అడ్డదూలమును జరిపి, వెనుక ఇరుసునకు పోవు షాఫ్టును కోయింతురు, లేదా పొడిగింతురు. నూనె కాగును గాన దానిని చల్లార్చుటకు రేడియేటరు వఱకు గొట్టములు వేయుదురు. బండి గేరులో నున్నప్పుడు ఇంజను స్టార్టు కాకుండ నొక స్విచ్చి తప్పక యుండవలయును. ఆ చిన్నవస్తువును విడిచినచో ముందు నిలిచినవాని ప్రాణమునకు ముప్పు. తుదకు క్లచ్చి పెడలు నూడదీసి, దాని రంధ్రమును మూసి, ఆ మిగిలిన తావున బ్రేకుపెడలును వెడల్పు చేయింతురు.