బెయిల్ మదింపు శిక్షణ

అరెస్టయిన మనిషిని వదిలితే వాయిదాకు వస్తాడా, మళ్లీ నేరానికి దిగుతాడా అన్నది నిర్ణీత ప్రశ్నలకు మార్కులు వేసి అంచనా కట్టే పద్ధతి బెయిల్ మదింపు. ఆ మార్కులు వేసేవారికి ఇచ్చే తర్ఫీదు ఈ వ్యాస విషయం.

న్యూయార్క్‌లో వేరా ఫౌండేషన్ 1961లో ప్రారంభించిన మన్‌హట్టన్ బెయిల్ ప్రాజెక్టు దీనికి మూలం. న్యాయ విద్యార్థులు నిందితులను కలిసి నివాసం, కుటుంబం, ఉద్యోగం, పాత కేసుల వివరాలు అడిగి, నిజానిజాలు విచారించి మార్కులు వేసేవారు. తగినన్ని వస్తే డబ్బు కట్టించకుండా వదలమని కోర్టుకు సిఫార్సు చేసేవారు. 2013లో అమెరికాలోని కెంటకీలో అమలైన పబ్లిక్ సేఫ్టీ అసెస్‌మెంట్ అనే మదింపు పద్ధతి ముఖాముఖినే తీసేసింది. వయసు, పాత శిక్షలు, ఎగ్గొట్టిన వాయిదాల వంటి 9 అంశాలను రికార్డుల నుంచే లెక్కిస్తుంది. అందుకే శిక్షణలో ప్రధానాంశం లెక్క నియమాలే. ఒకే ఫైలును ఇద్దరికిచ్చి, ఇద్దరి మార్కులూ కలిశాయా అని చూస్తారు.

భారత చట్టంలో మార్కుల పట్టిక లేదు. ప్రశ్నలు మాత్రం ఎప్పుడో వచ్చాయి. 1977 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో, బెయిల్ న్యాయమూర్తి ఇష్టానికి కాక సూత్రాలకు లోబడాలని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అన్నారు. అది శిక్ష పడ్డాక అప్పీలు దశలో వచ్చిన దరఖాస్తే. అయినా ఒక ఇంటి మగవాళ్లంతా జైల్లో ఉంటే వాళ్ల తరఫు వాదన ఎవరు చూస్తారన్నదీ అందులో లెక్కకొచ్చింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి నివాసం, ఉపాధి, కుటుంబ బంధాలు, గత చరిత్ర, హామీ ఇచ్చే పెద్దమనుషులు అంటూ చూడవలసినవి వరుసగా చెప్పారు. మన్‌హట్టన్ ప్రశ్నలు తెలిసినవారికి అవి కొత్తవేమీ కావు.

విజయవాడలో, కృష్ణా డెల్టాలో ఈ ప్రశ్నలు అంత తేలిక కాదు. కాలువ గట్టున ఏళ్లుగా కాపురమున్న కుటుంబానికి ఇంటి పట్టా ఉండకపోవచ్చు. ఆటోనగర్ షెడ్డులో వెల్డింగు చేసేవాడికి జీతం కాగితం ఉండకపోవచ్చు. కౌలు రైతుకు 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డున్నా భూమిపై హక్కు రాదు కాబట్టి, ఆ పొలాన్ని షూరిటీగా చూపలేడు. ఇలాంటివారికి కాగితం లేదని సున్నా వేస్తే అది రిస్కును కాదు, పేదరికాన్ని కొలిచినట్టు. తర్ఫీదు పొందినవాడు పట్టా ఉందా అని ఆగిపోడు. ఎన్నాళ్లుగా ఉంటున్నారని ఇరుగుపొరుగును, పని ఇచ్చే మేస్త్రీని అడుగుతాడు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ లెక్కను ఇంకా సున్నితం చేసింది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, మొదటిసారి ముద్దాయిని గరిష్ఠ శిక్షలో మూడో వంతు, ఇతరులను సగం కాలం విచారణ దశలో జైల్లో గడిచాక వదలాలి. ఇక్కడ ‘మొదటిసారి’ అంటే గతంలో శిక్ష పడనివారు. పెండింగు కేసు శిక్ష కాదు. అయితే ఒకటికి మించి కేసులుంటే అదే సెక్షన్ ఈ విడుదలకు అడ్డుపడుతుంది. పాత శిక్షను, పెండింగు కేసును కలగలిపితే రిమాండ్ ఖైదీ విడుదల తేదీయే మారిపోతుంది.

మన దగ్గర ఈ మదింపు పనికి అతి దగ్గరగా ఉన్నది న్యాయసేవాధికార సంస్థల తరఫున పనిచేసే పారాలీగల్ వాలంటీర్లే. బెయిల్ వచ్చినా ఏడు రోజుల్లో విడుదల కానివారి సంగతి జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఖైదీ ఆర్థిక, సామాజిక స్థితిపై వాలంటీరు గానీ ప్రొబేషన్ అధికారి గానీ రాసే నివేదికను చూపి, షరతులు సడలించమని కోర్టును అడగవచ్చు.