వీపు మీది ఊపిరి

1880 నవంబరు. బ్రిటన్‌లో సెవెర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగం ఏడాదిగా నీళ్లలో మునిగి ఉంది. షాఫ్టు నుంచి వెయ్యి అడుగుల లోపల ఒక ఇనుప తలుపు తెరిచే ఉండిపోయింది. అది మూయందే పంపులు ఎంత తోడినా లాభం లేదు. అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవరు దిగాడు. చిమ్మచీకటి. పైనుంచి గాలి పంపే గొట్టాన్ని లాక్కుంటూ తడుముకుంటూ నడిచాడు. తలుపు ఇంకో వంద అడుగులుందనగా గొట్టం మొరాయించింది. వెనక్కి తిరిగాడు.

అప్పుడు హెన్రీ ఫ్లూస్‌ను పిలిపించారు. ఆయన పరికరానికి గొట్టమే లేదు. వీపున రాగి సిలిండరులో ఆక్సిజన్, వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పట్టేసే కాస్టిక్ పొటాష్, అంతే. దాన్ని తగిలించుకుని లాంబర్ట్ మళ్లీ దిగాడు. తలుపుకు అడ్డున్న పట్టాల్లో ఒకటి పెకలించేసరికి తిరిగి రావాల్సిన వేళయింది. ఇంకోసారి దిగి రెండోదీ పీకి, తలుపు మూశాడు. పక్కనున్న వాల్వునూ చెప్పినన్ని చుట్లు తిప్పాడు. నీళ్లు తోడాక గానీ తెలియలేదు, ఆ వాల్వుది ఎడమ మర అని! మూస్తున్నాననుకుని తెరిచాడు పాపం. ఆ మాట ముందుగా అతనికి చెప్పినవాళ్లు లేరు.

ఈ కథ మన గోదావరిఖనిలో చెప్పుకోవాల్సింది. ఫ్లూస్ పరికరమే తర్వాత ‘ప్రోటో’గా మారి గని రెస్క్యూ దళాల వీపుకెక్కింది. సింగరేణి దళాలు వాడే డ్రేగర్ బీజీ-4దీ అదే వంశం. మన దగ్గరే 2003 జూన్ 16న 7 ఎల్ఈపీ బాయిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మందిని మింగేశాయి. ఇంకోచోట బొగ్గు తనంతట తానే రాజుకుంటుంది. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుంటుంది. మంటకు గాలి అందకుండా గోడ కట్టడానికి అందులోకి వెళ్లే మనిషికి బీజీ-4 ఇచ్చే గడువు నాలుగు గంటలు. అందుకే దాన్ని వాడిన ప్రతిసారీ విప్పి, కడిగి, ఆరబెట్టి, బిగించి, లీకు పరీక్ష చేస్తారు. వాడకపోయినా గడువు ప్రకారం పరీక్ష తప్పదు. రబ్బరుకు సెలవులుండవు, పెట్టెలో ఉన్నా గట్టిపడుతుంది.

నీళ్లలో డైవింగుకు వాడే స్కూబా రెగ్యులేటర్‌కీ ఇదే పద్ధతి కావాలని నా గట్టి నమ్మకం. చాలా కంపెనీలు ఏడాదికోసారి, లేదా 100 డైవ్‌లకోసారి, ఏది ముందైతే అప్పుడు సర్వీసు చేయించమంటాయి. కొన్ని రెండేళ్లు ఆగవచ్చంటాయి, మధ్యలో తనిఖీ చేయించాలన్న షరతుతో. డైవ్‌లు తక్కువే కదా అని ఏళ్లు దాటించడం ప్రమాదం. సిలిండరులోని 200 బార్ల ఒత్తిడిని ఇంచుమించు 10 బార్లకు దించేది లోపలి చిన్న సీటు. అది అరిగిందో లేదో ఆ దించిన ఒత్తిడిని కొలిచే గేజీ చెబుతుంది. ఒకసారి ఊపిరి పీల్చి వదిలితే ముల్లు 9, 10 దగ్గర టక్కున ఆగి నిలవాలి. ఆగినట్టే ఆగి మెల్లగా పైకి పాకుతోందంటే సీటు పోయినట్టే. నోటి దగ్గర గాలి ఆగకుండా బుసకొట్టడం ఆ తర్వాతి ఘట్టం. సిలిండరుకు తగిలించే చోట ఫిల్టరు ఆకుపచ్చగా మారితే ఉప్పునీరు లోపలికి చేరిందన్నమాట. అప్పుడు సర్వీసుకు ఏడాది నిండేదాకా ఆగక్కర్లేదు.

కరీంనగర్ నుంచో ఆదిలాబాద్ నుంచో అండమాన్ వెళ్లి అద్దె రెగ్యులేటర్ నోట పెట్టుకునే పిల్లలు కిందటి సర్వీసు ఎప్పుడని అడగాలి. తేదీ చెప్పలేకపోతే గేజీ తగిలించి ముల్లు చూపించమనాలి.