లాక్స్‌టన్: కంచెలు లేని పొలాల ఊరు

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో, న్యూఆర్క్ పట్టణానికి వాయవ్యంగా, బంకమట్టి నేలల మధ్య లాక్స్‌టన్ అనే చిన్న ఊరు ఉంది. ఊరిని ఆనుకుని మూడు పెద్ద పొలాలున్నాయి: పడమటి పొలం, మిల్లు పొలం, దక్షిణ పొలం. ఒక్కో పొలంలో పలువురు రైతుల నేల చెక్కలు పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య కంచె ఉండదు, ముళ్లపొదల వరుస ఉండదు. మధ్యయుగంలో ఇంగ్లండ్ నడిమి జిల్లాల్లో ఎన్నో ఊళ్లు ఇలాగే సాగేవి. ఆ సాగుపద్ధతి, దాన్ని నడిపే ఊరి కోర్టు రెండూ కలిసి నేటికీ మిగిలింది ఇక్కడే.

1086 నాటి డూమ్స్‌డే భూమి లెక్కల్లో ఈ ఊరి పేరుంది. ఊరికి ఉత్తరాన కనిపించే పెద్ద మట్టిదిబ్బ నార్మన్ల కాలపు కోటది. దిబ్బ చుట్టూ కందకం, పక్కనే కోట ఆవరణ ఆనవాళ్లు స్పష్టంగా కనబడతాయి. కట్టడాలు మాత్రం నేలమట్టమయ్యాయి. షెర్‌వుడ్ అడవికి వంశపారంపర్య సంరక్షకులుగా ఉన్న ప్రభువులు ఇక్కడి నుంచే అధికారం చెలాయించారు. వారిలో ఎవరింగ్‌హామ్ కుటుంబీకుల సమాధి శిల్పాలు ఊరి చర్చిలో ఉన్నాయి. వాటిలో ఒక స్త్రీమూర్తిని కొయ్యతో మలిచారు. మధ్యయుగపు కొయ్య శిల్పం ఇంతకాలం నిలవడం అరుదు.

అయితే లాక్స్‌టన్ అసలు సంపద కోటలో లేదు, చాళ్లలో ఉంది. ఎడ్ల నాగలి ఒక్క ఊపున దున్నగల దూరమే చెక్క పొడవుకు కొలత. మనం మొన్నమొన్నటి దాకా రోడ్డు దూరాలకు వాడిన ‘ఫర్లాంగు’ అన్న మాట ఆ కొలత నుంచి వచ్చిందే. దాని మూలార్థం చాలు పొడవు. ఎకరమంటే ఒక జత ఎడ్లు కట్టిన నాగలి ఒక రోజులో దున్నగలిగేంత నేల అని పాత లెక్క. మట్టిని ఎప్పుడూ చెక్క నడిమికే తిరగేసి దున్నడంతో నడుమ మెరక, అంచున పల్లం ఏర్పడేవి. బంకనేలలో వాననీరు ఆ పల్లాల వెంట జారిపోయేది.

ఏ రైతు భూమీ ఒక్కచోట ఉండేది కాదు, మూడు పొలాల్లోనూ చెదిరి ఉండేది. ఒక ఏడు గోధుమ, మరుసటి ఏడు వసంతంలో విత్తే బార్లీ లేదా బఠాణీ, మూడో ఏడు బీడు. ఇలా పంట వంతులవారీగా పొలం మారేది. ఏటా ఒక పొలం మొత్తం బీడుగా ఉండేది కనుక, ప్రతి రైతుకూ మూడింటా వాటా లేకపోతే ఆ ఏడు తిండిగింజలు దక్కవు. మంచి నేల, చవుడు నేల కూడా అందరికీ సమంగా వచ్చేవి. కోతలయ్యాక ఆ పొలం ఊరందరి పశువులకూ మేత. దున్నడానికి వీలుకాని పల్లపు పచ్చిక పట్టీలను ‘సైక్’లంటారు. ఎన్నడూ నాగలి తగలని ఈ పట్టీల్లో అడవిపూల మొక్కలు ఎన్నో మిగిలాయి.

ఊరి రూపానికీ ఈ చెదిరిన చెక్కలే కారణం. భూమి ఒక్కచోట లేనప్పుడు పొలంలో ఇల్లు కట్టుకుని లాభం లేదు. అందుకే రైతుల ఇళ్లు, గాదెలు, కొట్టాలు అన్నీ ఊరి వీధివెంటే ఉన్నాయి; వాటి వెనక సన్నని దొడ్లున్నాయి. దారితప్పిన పశువులను కట్టేసే బందెలదొడ్డి కూడా ఊళ్లో ఉంది. తెలుగు పల్లెల్లో ఆ మాటకున్న అర్థమే దీనికీ సరిపోతుంది.

1635లో ఊరి ప్రభువు సర్ విలియం కోర్టెన్ కోసం మార్క్ పియర్స్ అనే సర్వేయరు చెక్క చెక్కనూ కొలిచి పటం గీశాడు. దున్నేవాళ్లు, కోసేవాళ్లు, వేటగాళ్లు కూడా అందులో కనిపిస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న ఆ పటం చేతబట్టుకుని నేటికీ ఊళ్లో దారి పోల్చుకోవచ్చు.

ఇతర ఊళ్లలో ఉమ్మడి పొలాలు ఇలా మిగలలేదు. 1604 నుంచి 1914 వరకు 5,200కు పైగా బిల్లులు పార్లమెంటు ఆమోదం పొంది, ఉమ్మడి పొలాలకూ బీళ్లకూ కంచెలు వేయించాయి. ఆ మార్పుకు లోనైన నేల సుమారు 68 లక్షల ఎకరాలు. పొదల కంచెలతో గళ్లు గళ్లుగా కనిపించే నడిమి ఇంగ్లండ్ దృశ్యం అనాదిదని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం ఈ కాలంలో తయారైనదే. దాని వెంట పేదల మేతహక్కులు పోయాయి. లాక్స్‌టన్‌లోనూ 18వ శతాబ్దంలో కొంత భూమికి కంచెలు పడ్డాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలో చెక్కలను కలిపి పెద్దవి చేశారు. సుమారు 480 ఎకరాలు మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయాయి.

ఆ మిగిలిన దాన్ని కాపాడుతున్నది లీట్ కోర్టు అనే ఊరి కోర్టు. ఏటా నవంబరు చివర జ్యూరీలోని రైతులు గోధుమ వేసిన పొలమంతా నడిచి చూస్తారు. ఎవరైనా దారిలోకో సైక్‌లోకో నాగలి జరిపారా అని పరిశీలించి, హద్దుల దగ్గర కొయ్యమేకులు దిగ్గొడతారు. వారం తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే ఊరి సత్రంలో కోర్టు కూర్చుని, హద్దు మీరినవారికి జరిమానా వేసి, వచ్చే ఏటి జ్యూరీని నియమిస్తుంది. 1977 చట్టం దేశంలోని ఇలాంటి కోర్టుల న్యాయాధికారాన్ని రద్దుచేసినప్పుడు, పొలాల నిర్వహణ దానిపైనే ఆధారపడి ఉన్నందున లాక్స్‌టన్‌కు మినహాయింపు ఇచ్చింది.

1938లో ఆర్విన్ దంపతులు ఈ పొలాలపై రాసిన గ్రంథం పండితుల దృష్టిని ఇటు మళ్లించింది. 1952లో భూస్వామి ఎర్ల్ మాన్వర్స్ ఈ ఊళ్లోని తన ఎస్టేటును వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మాడు. 1981లో అది క్రౌన్ ఎస్టేట్ చేతికి, 2020లో మాన్వర్స్ వారసులదైన థోర్స్‌బీ ఎస్టేట్ చేతికి వెళ్లింది. యజమానులు మారినా కౌలురైతులు ట్రాక్టర్లతో ఆ చెక్కలనే దున్నుతున్నారు.