మన 'అ' పెద్దదా, చిన్నదా?

అక్షరం కోడు 65కీ 90కీ మధ్య ఉంటే పెద్దది, 97కీ 122కీ మధ్య ఉంటే చిన్నది. సీ ల్యాబులో మనలో చాలామందికి వంటబట్టిన సూత్రం ఇది. కానీ దీని వెనక కథ తెలిస్తే అంత ధీమాగా ఉండలేం.

కేస్ అంటే పెట్టె. చేత్తో అచ్చు కూర్చే రోజుల్లో ఇంగ్లీషు ప్రెస్సుల్లో పెద్దక్షరాల దిమ్మలు పై పెట్టెలో, చిన్నవి కింది పెట్టెలో ఉండేవి. అప్పర్ కేస్, లోయర్ కేస్ అన్న పేర్లు అలా వచ్చినవే.

1963లో వచ్చిన మొదటి ఆస్కీలో చిన్నక్షరాలే లేవు, 1967 సవరణలో చేరాయి. పెద్దదానికీ చిన్నదానికీ తేడా 32, అంటే ఒక్క బిట్టు అన్నమాట. ఐతే 1964లో ఐబీఎం సిస్టమ్ 360తో వచ్చిన ఎబ్సిడిక్‌లో ఐ తర్వాత, ఆర్ తర్వాత వరస తెగుతుంది. 'ఏ నుంచి జెడ్ దాకా' అని చెక్ చేస్తే అక్షరాలు కానివీ లోపలికి దూరతాయి.

1928లో టర్కీ లాటిన్ లిపికి మారినప్పుడు చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ వేర్వేరు అక్షరాలయ్యాయి. టర్కిష్ లొకేల్‌లో జావా, పెద్దక్షరాల్లో ఉన్న 'టైటిల్' అనే ఇంగ్లీషు మాటని చిన్నక్షరాల్లోకి మారిస్తే చుక్క లేని ఐ వస్తుంది. ఇక పోలిక కుదరదు. జర్మన్ ఎస్‌జెట్‌ని మామూలు పద్ధతిలో పెద్దది చేస్తే రెండు ఎస్‌లవుతుంది, స్ట్రింగు పొడవే మారిపోతుంది!

మరి మన 'అ'? యూనికోడ్ దాన్ని 'ఇతర అక్షరం' అంటుంది. పెద్దదా అంటే కాదు, చిన్నదా అన్నా కాదు. ఆ మధ్య ఒక ఆన్‌లైన్ ఫారంలో మా అమ్మ పేరు తెలుగులో ఇస్తే, 'అన్నీ క్యాపిటల్స్‌లో రాయకండి' అని వెనక్కొట్టింది. కారణం ఊహించడం కష్టమేం కాదు. పేరుని పెద్దక్షరాల్లోకి మార్చి, మారకపోతే అది ముందే క్యాపిటల్స్‌లో ఉన్నట్టు లెక్కేసి ఉంటారు. తెలుగు ఎలా మార్చినా మారదు కదా!

'పెద్దది కాకపోతే చిన్నదే' అని ఎల్స్ రాసేముందు ఒక్క క్షణం ఆగుదాం. ఈ ప్రశ్నకి జవాబులు రెండు కాదు, మూడు: పెద్దది, చిన్నది, రెండూ కాదు. ఆ మూడోదాంట్లో ఉన్నది మన భాషే. దానికి మన కోడులో మనమే చోటివ్వకపోతే ఇంకెవరిస్తారు?