చిట్టాకెక్కిన పేర్లు

ఆటోనగర్‌లో గది అద్దెకిచ్చే గృహస్థు, వచ్చినవాడు లైంగిక నేరస్థుడేమోనని తానుగా వెదకి చూచుకొనలేడు. 2018 సెప్టెంబరు 20న కేంద్రం ఏర్పరచిన జాతీయ పట్టిక పోలీసులకూ దర్యాప్తు సంస్థలకే పరిమితము. అమెరికాలో 1996 నాటి మేగన్ చట్టము అటువంటి వివరాలను ప్రజల ముందుంచినది.

నేరస్థుల చిట్టా మనకు కొత్త కాదు. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము క్రింద మద్రాసు రాజధానిలో, నేరము రుజువు కాకున్నను, ఎరుకలవారి పేర్లు నమోదుచేసి వేలిముద్రలు తీసుకొన్నారు. వారికొరకు 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో బాపట్ల చేరువన స్టూవర్టుపురం వెలసినది. 1947లో మద్రాసులో చట్టము రద్దయినను, ఆ ఊరివారికి దొంగలన్న పేరు పోలేదు.

నేటి పట్టికకు పుట్టుక కాక న్యాయస్థానపు తీర్పే ఆధారము; ఈ భేదము గొప్పది. పిల్లల తల్లిదండ్రుల భయమూ న్యాయమైనదే. అయినను పట్టికను బజారున పెట్టుమనేవారు స్టూవర్టుపురాన్ని తలచుకొనవలెను: అచట తాతలకు వేసిన ముద్రను మనుమలు మోసినారు.