రొయ్యల సాగులో అంతర్జాతీయ విజ్ఞాన వినిమయం – నెల్లూరు తీర అనుభవం

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా తీర మండలాలలో ఉప్పునీటి రొయ్యల సాగు వేలాది చిన్నకారు రైతు కుటుంబాలకు జీవనాధారం. ఈ సాగును వ్యాధుల బారి నుండి కాపాడుకొనే ప్రయత్నంలో జిల్లా రైతులు ఆసియా – పసిఫిక్ దేశాల ఉమ్మడి విజ్ఞాన వేదికతో అనుసంధానమయ్యారు. ఆ అనుసంధానం ఏర్పడిన క్రమం, దాని ఫలితాలు, నేడు దాని ఆవశ్యకతలపై పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం ఈ సమాచార వ్యాసం.

నేపథ్యం

1990 దశకం ఆరంభంలో కృష్ణపట్నం వద్ద సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేరు పరిసరాలలో టైగర్ రొయ్యల చెరువులు విస్తారంగా వెలిశాయి. ఒకే ఏటి నుండి అందరూ నీరు తోడుకోవడం, వాడిన నీటిని తిరిగి అదే ఏటిలోకి వదలడం ఆనాటి పద్ధతి. 1994 చివరి నెలల నుండి తూర్పు తీరంలో తెల్లమచ్చ వ్యాధి ప్రబలింది. ఒక చెరువు దెబ్బతిన్న రైతు ఆ నీటిని శుద్ధి చేయకుండా వదిలివేయగా, అదే నీరు పొరుగు చెరువులకు చేరి నష్టం పెరిగింది. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన చిన్న రైతులు దీనివల్ల తీవ్రంగా నష్టపోయారు.

మరోవైపు తీరప్రాంత పర్యావరణంపై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న కీలక తీర్పు వెలువరించింది. తత్ఫలితంగా 1997లో ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పాటైంది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని ఆమోదించింది. తీరప్రాంత రొయ్యల చెరువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది.

నాకా సంస్థ స్వరూపం

ఆసియా – పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల నెట్‌వర్క్‌ను సంక్షిప్తంగా నాకా అని వ్యవహరిస్తారు. 1980లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, ఆహార వ్యవసాయ సంస్థల ప్రాజెక్టుగా ఆరంభమైన ఈ నెట్‌వర్క్ 1990లో సభ్య ప్రభుత్వాల స్వతంత్ర సంస్థగా రూపొందింది. దీని ప్రధాన కార్యాలయం బ్యాంకాక్‌లో ఉన్నది. భారతదేశం సభ్య దేశం కాగా, భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ మన దేశంలో దీని ప్రాంతీయ ప్రధాన కేంద్రంగా వ్యవహరిస్తున్నది. ఒక దేశంలో పరీక్షకు నిలిచిన సాగు విధానాన్ని ఇతర దేశాలకు అందించడం, జలచరాల వ్యాధుల సమాచారాన్ని ఎప్పటికప్పుడు పంచుకోవడం ఈ సంస్థ ముఖ్య విధులు.

365 చెరువుల అధ్యయనం

సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా) 2000 సంవత్సరంలో నాకా సాంకేతిక సహకారంతో రొయ్యల వ్యాధుల నియంత్రణ కార్యక్రమాన్ని చేపట్టింది. నెల్లూరు, పశ్చిమ గోదావరి జిల్లాలలో 365 చెరువులను ఎంపిక చేసి, పంట ఆరంభం నుండి పట్టుబడి వరకు వివరాలను నమోదు చేశారు. రోగకారక వైరస్ ఉన్నంత మాత్రాన పంట పోదని, చెరువు తయారీ, పిల్ల నాణ్యత, నీటి యాజమాన్యంలోని లోపాలు దానికి తోడైనప్పుడే నష్టం సంభవిస్తున్నదని ఈ అధ్యయనం ద్వారా వెల్లడైంది.

ఆ మేరకు రైతులకు సూచించిన మెరుగైన యాజమాన్య పద్ధతులు ఇవి:

– పంట అనంతరం చెరువు అడుగున పేరుకొన్న నల్లటి బురదను తొలగించి, ఎండబెట్టి, సున్నం వేయడం.
– నీటిని సన్నని వలల ద్వారా వడగట్టి నింపడం, కొన్ని రోజులు నిల్వ ఉంచిన తరువాతే పిల్లను వదలడం.
– రైతులు బృందంగా హ్యాచరీతో ముందుగా ఒప్పందం చేసుకొని, పీసీఆర్ పరీక్షలో నెగ్గిన పిల్లను తెచ్చి, ఒకే కాలంలో వదలడం.
– నిషేధిత యాంటీబయాటిక్స్‌ను వాడకపోవడం.
– వ్యాధి సోకిన వెంటనే ఇరుగుపొరుగు రైతులకు తెలియజేయడం, నీటిని శుద్ధి చేయనిదే బయటకు వదలకపోవడం.

ఈ సూచనలలో అధిక భాగం ఒంటరి రైతు ఆచరణకు లొంగనివి. అందువల్ల రైతులను ఆక్వా క్లబ్బులుగా సంఘటితం చేయడం జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో గ్రామ స్థాయి ప్రదర్శనగా చేపట్టిన ఈ విధానం 2006 నాటికి ఐదు తీర రాష్ట్రాలలో వెయ్యికి పైగా చెరువులకు విస్తరించింది. దీనిని శాశ్వత ప్రాతిపదికన కొనసాగించేందుకు ఎంపెడా 2007లో కాకినాడ కేంద్రంగా జాతీయ సుస్థిర ఆక్వాకల్చర్ కేంద్రాన్ని (నాక్సా) నెలకొల్పింది.

తీరం నుండి దేశాంతరాలకు

ఈ వినిమయం ఏకపక్షంగా సాగలేదు. 2004 డిసెంబరు సునామీ తరువాత ఇండోనేషియాలోని అచే ప్రాంతంలో రొయ్యల చెరువుల పునరుద్ధరణకు మన తీరంలో రూపొందిన అనుభవం ఉపయోగపడింది. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ బ్యాంకు తదితర సంస్థలతో కలిసి నాకా 2006లో బాధ్యతాయుత రొయ్యల సాగుకు అంతర్జాతీయ సూత్రాలను వెలువరించింది. నెల్లూరు రైతు తన చెరువు గట్టున నిలబడి చెప్పిన వివరం ఈ విధంగా ఇతర దేశాల రైతులకు పాఠమైంది.

నేటి ఆవశ్యకత

2009లో వనామి రొయ్య సాగుకు అనుమతి లభించిన తరువాత జిల్లాలో సాగు స్వరూపం మారింది. చెరువులో పిల్ల సాంద్రత, పెట్టుబడి పెరిగాయి. వాటితోపాటు ఈహెచ్‌పీ వంటి కొత్త సమస్యలు ఎదురయ్యాయి. చైనా, వియత్నాం, థాయిలాండ్ దేశాలలో రొయ్యలను తొలి రోజులలోనే హతమార్చిన మరొక వ్యాధిపై 2012 ఆగస్టులో నాకా బ్యాంకాక్‌లో అత్యవసర సంప్రదింపుల సమావేశం నిర్వహించింది. ఇటువంటి ముందస్తు హెచ్చరికలు క్షేత్ర స్థాయికి సకాలంలో చేరడం అత్యంత ముఖ్యం.

జలచర వ్యాధులపై జాతీయ నిఘా కార్యక్రమం 2013లో ఆరంభమైంది. రైతులు నేరుగా సమాచారం ఇచ్చేందుకు కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో ‘రిపోర్ట్ ఫిష్ డిసీజ్’ యాప్‌ను ప్రవేశపెట్టింది. అయినప్పటికీ, వ్యాధి మాట బయటకు పొక్కితే వ్యాపారి ధర తగ్గిస్తాడన్న భయంతో రైతు మౌనం వహించే ప్రమాదం ఉన్నది. ఆ మౌనం ఉప్పుటేటి పొడవునా ఉన్న చెరువులన్నింటికీ చేటు తెస్తుంది.

కాబట్టి వ్యాధి సమాచారం ఇచ్చిన రైతును తప్పు చేసినవానిగా గాక, తోటి రైతులను కాపాడినవానిగా గుర్తించవలసిన అవసరం ఉన్నది. మత్స్యశాఖ క్షేత్ర సిబ్బంది, రైతు సంఘాలు ఈ నమ్మకాన్ని కలిగించగలిగినప్పుడే అంతర్జాతీయ విజ్ఞాన వేదికలో సభ్యత్వం తీర గ్రామాల రైతుకు సార్థకమవుతుంది.