అచ్చు ఒకరిది, ఆయుధం ఒకరిది

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. జంటనగరాల వాళ్లకు అది సీటీసీ. అక్కడ కంప్యూటర్ కొనేవాళ్లలో చాలామంది మదర్‌బోర్డు ఒక షాపులో, ర్యామ్ ఇంకో షాపులో, గ్రాఫిక్స్ కార్డు మరో చోట బేరమాడి, అన్నిటినీ ఒక క్యాబినెట్‌లో బిగించుకుంటారు. ఏ ముక్క ఏ దేశంలో తయారైనా సాకెట్ కుదిరితే చాలు, మిషన్ నడుస్తుంది. వీడియో గేమ్‌లోకి సొంతంగా చేసిన ఆయుధాన్ని ఎక్కించే మాడింగ్‌కు ఆధారం కూడా ఈ సూత్రమే. తుపాకుల మోజులోంచి పుట్టిన పిల్లచేష్టగా దాన్ని కొట్టిపారేసేవాళ్లున్నారు. పుట్టుపూర్వోత్తరాలు వెతికితే మాత్రం, విడిభాగాన్ని తీసి విడిభాగం పెట్టే పనితనమే దాని మూలమని తేలుతుంది.

ఇతరుల ఆటలో బొమ్మలు మార్చడం 1983 నాటికే ఉంది. ‘కాజిల్ వుల్ఫెన్‌స్టైన్’లోని నాజీ సైనికుల స్థానంలో కార్టూన్ స్మర్ఫ్‌లను కూర్చోబెట్టారు ఇద్దరు కుర్రాళ్లు. అయితే అప్పుడు ప్రోగ్రామునే విప్పి మార్చాలి. ఆ అవసరాన్ని తప్పించింది 1993 డిసెంబరులో వచ్చిన ‘డూమ్’. ఐడీ సాఫ్ట్‌వేర్‌కు చెందిన జాన్ కార్మాక్ ఆటను నడిపించే ఇంజిన్‌ను ఒకవైపు, బొమ్మలు, శబ్దాలు, పటాలను ‘వ్యాడ్’ అనే ఫైల్లో మరోవైపు ఉంచాడు. ఇంజిన్‌ను ముట్టకుండానే వ్యాడ్ మార్చవచ్చు. కొద్ది నెలల్లోనే ఆటగాళ్లు సొంత ఎడిటర్లు రాసుకున్నారు. డూమ్‌లో తుపాకులు అసలు త్రీడీ మోడళ్లే కావు. బొమ్మల దుకాణంలో కొన్న ఆట తుపాకులను ఫొటోలు తీసి, ఆ చదును బొమ్మలనే తెరమీద అతికించారు. ఆయుధాన్నే మార్చాలనిపించడానికి కారణం కూడా తెరమీదే కనిపిస్తుంది. ఆటగాడి కంటికి ఎదురుగా, ఆట నడిచినంతసేపూ విడవకుండా ఉండే వస్తువు అది. ఇంటికి గుమ్మం ఎలాగో ఆ ఆటకు చేతిలోని తుపాకీ అలాగ. సొంతం చేసుకోవాలనుకున్నవాడు అక్కడే మొదట చేయి పెడతాడు.

1996లో వచ్చిన ‘క్వేక్’తో ఆయుధం నిజంగా త్రీడీ వస్తువైంది. త్రిభుజాలతో అల్లిన ఆకారం, దానిమీద బట్టలా చుట్టిన బొమ్మ. కెనడాలో చదువుకుంటున్న వియత్నాం సంతతి విద్యార్థి మిన్ లే ఈ క్వేక్ మీదే ‘నేవీ సీల్స్’ అనే మాడ్ చేసి చేయి తిరిగినవాడయ్యాడు. తర్వాత జెస్ క్లిఫ్ అనే సహచరుడితో కలిసి, ‘హాఫ్‌లైఫ్’ ఆట మీద మాడ్‌గా ‘కౌంటర్ స్ట్రైక్’ బీటాను 1999 జూన్‌లో విడుదల చేశాడు. మరుసటి ఏడాదే వాల్వ్ సంస్థ దాన్ని తీసుకుని, మాడ్‌గా ఉన్నదాన్ని సొంత కాళ్లమీద నిలబడే ఆటగా అమ్మింది. అందులో ఒక్క ఏకే47కే మూడు మోడళ్లుంటాయి. ఆడేవాడి కంటికి కనిపించేది ‘వీ’తో, ఇతరుల చేతిలో కనిపించేది ‘పీ’తో, నేలమీద పడి ఉండేది ‘డబ్ల్యూ’తో మొదలవుతాయి. ఒకటి మార్చి రెండు మరిచిపోతే, చేతిలో ఒక తుపాకీ, కింద పడ్డాక మరో తుపాకీ! ఇంత క్రమశిక్షణ కోరే పనిని అల్లరి అనడం నాకు సబబుగా తోచదు.

నెట్ సెంటర్ల కాలంలో మన కుర్రాళ్లలో ఎందరికో ఈ విద్య ‘జీటీఏ’ వరసలోని ‘వైస్ సిటీ’, ‘శాన్ ఆండ్రియాస్’ల ద్వారా పరిచయమైంది. వాటిలో ఆకారం ‘డీఎఫ్ఎఫ్’ ఫైల్లో, పైపూత ‘టీఎక్స్‌డీ’ ఫైల్లో ఉంటాయి, రెండూ ‘జీటీఏ3.ఐఎంజీ’ అనే పెద్ద మూటలో ఒదిగి ఉంటాయి. కొత్త మోడల్‌కు పాతదాని పేరే పెట్టి మూటలోకి ఎక్కించాలి. పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆట దాన్ని గుర్తించదు. పిడి ఉండాల్సిన బిందువు తప్పితే ఆయుధం చేతికి ఎడంగా గాల్లో తేలుతుంది. త్రిభుజాలు మితిమీరితే పాత మిషన్ మొరాయిస్తుంది.

మాడింగ్ హింసను నేర్పుతుందనే అభ్యంతరం తేలిగ్గా తీసిపారేసేది కాదు. పిల్లలు ఏ ఆట ఆడాలన్నది తల్లిదండ్రులు పట్టించుకోవలసిన సంగతే. కానీ ఆ ప్రశ్న అడగాల్సింది ఆటను; మారిన మోడల్‌ను కాదు. శాన్ ఆండ్రియాస్‌లో దెబ్బ తీవ్రత ‘వెపన్.డాట్’ అనే వేరే ఫైల్లో అంకెలుగా ఉంటుంది. మోడల్ ఎంత భీకరంగా ఉన్నా ఆ అంకె మారదు. మోసానికి దారి తీస్తుందనే మాటలో కొంత నిజముంది. ఎదుటివాడు సులువుగా కనిపించేలా మోడళ్లు మార్చినవాళ్లూ ఉన్నారు, అందుకే ఫైళ్లను సరిపోల్చి చూసే ఏర్పాటు సర్వర్లలో వచ్చింది. అన్నిటికంటే బలమైన అభ్యంతరం దొంగతనం. వేరే ఆటలోంచి మోడల్‌ను పీకి తెచ్చి తన పేరు తగిలించుకోవడం తప్పే, దాన్ని సమర్థించలేం. ఆ తప్పును మాడింగ్ మొత్తానికి అంటగట్టడం మాత్రం అన్యాయం. డూమ్ రోజుల్లోనే ఐడీ సంస్థ ఒక గీత గీసింది: మాడ్ చేసుకోండి, కానీ అది ఉచిత నమూనాతో కాక, డబ్బిచ్చి కొన్న ఆటతోనే పనిచేయాలి. తన శ్రమకు విలువ కోరేవాడు ఎదుటివాడి శ్రమకూ విలువ ఇవ్వాలన్న ఆ నియమంలో నాకు లోపం కనిపించదు.

ఇలా ఒకరి అచ్చులో మరొకరి పని ఇమడడానికి పాత ఉదాహరణ సీటీసీకి దూరమేమీ కాదు. హుస్సేన్‌సాగర్ అవతలి గన్‌ఫౌండ్రీకి ఉర్దూలో ‘తోప్ కా సాంచా’ అని పేరు, ఫిరంగి అచ్చు అని అర్థం. ఫ్రెంచి సైనికాధికారి రేమండ్ 1786లో నిజాం కోసం అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. పరాయి దేశపు పద్ధతి, మన కార్మికుల చేయి. ఇక నిర్మల్ ప్రాంతపు ఉక్కు ముద్దలైతే పర్షియాకు వెళ్లి అక్కడి కమ్మరుల చేతుల్లో కత్తులయ్యాయి. ఒకరి పదార్థం మరొకరి రూపాన్ని ధరించడం ఈ నేలకు కొత్త కాదు. అయినా శాన్ ఆండ్రియాస్‌లో పొడవాటి కత్తి అంటే జపాన్ కటానాయే. సాలార్‌జంగ్ మ్యూజియంలోని కటారికి చోటు లేదు. దీనికి మాడ్ చేసేవాళ్ల బద్ధకమే కారణమనలేం. కటారి పిడి అలుగుకు అడ్డంగా ఉంటుంది, పిడికిలి బిగించి నేరుగా పొడవాలి. శాన్ ఆండ్రియాస్‌లో చేతి కదలిక మోడల్‌లో ఉండదు, ‘ఐఎఫ్‌పీ’ అనే వేరే ఫైల్లో ఉంటుంది. కటానా పేరు పెట్టి కటారిని ఎక్కిస్తే, ఆటలోని మనిషి దాన్ని పొడవాటి కత్తిలాగే గాల్లో అడ్డంగా ఝళిపిస్తాడు. ఆకారం చెక్కినవాడే పిడికిలి కదలికను కూడా, ఒక్కో ఫ్రేమూ చూసుకుంటూ, మళ్లీ చెక్కాలి.